కప్పు దిగిన శుక్రవారం

మొన్న కళ్ళు చూపించుకోవడానికి కరీంనగర్ వెళ్ళాను. టోకెన్ పిలిచేదాకా బెంచీ మీద కూర్చుని లోలోపల స్తోత్రాలు చెప్పుకుంటుంటే, వాళ్ళ నానమ్మను తీసుకొచ్చిన ఒక కుర్రవాడు నా పక్కన కూర్చున్నాడు. నల్లటి చొక్కా. దాని మీద ఎండిన తుమ్మకంప గుట్టగా పడేసినట్టు తెల్లటి గీతలు. చూసేవాళ్ళకు అది కంపే. అందులో అక్షరాలున్నాయని నాకు తెలుసు, అవి ఎక్కడ మొదలవుతాయో కూడా తెలుసు. అయినా "గీ బొమ్మేంది బిడ్డా?" అని అడిగాను. "పాటలోళ్ళ పేరు అమ్మమ్మా. జర కతర్నాక్ పాటలు. మీ అసొంటోళ్ళు ఇంటే బీపీ లేస్తది" అని నవ్వాడు. ఆ పాటలు పాడినవాడు నా మేనల్లుడని, నేను వాటిని ప్రార్థనా మందిరంలో, మోకాళ్ళ మీద ఉండి విన్నానని వాడికి చెప్పలేదు. చెప్పినా నమ్మేవాడు కాదు.

మాది నస్పూర్. నేను ఆదివారం బడిలో పిల్లలకు బైబిలు వాక్యం నేర్పుతాను. మా అన్న బొగ్గు బావిలో పనిచేసేవాడు. భూమి లోపల నెత్తిమీదుండే బండను బావి మనుషులు కప్పు అంటారు. ఆ కప్పును చూడటమే ఆయన పని. పొడుగాటి ఇనుప కడ్డీతో దాన్ని తట్టుకుంటూ అందరికన్నా ముందు నడవాలి. గట్టి బండ గంటలా ఖంగుమంటుంది. లోపల విడిపోయిన బండ పగిలిన కుండలా డొల్లగా పలుకుతుంది. ఆ డొల్ల చప్పుడు చెవిన పడితే ఆలోచించకూడదు. పక్కవాణ్ణి లాక్కుని వెనక్కి దూకాలి, అంతే. ఈ అలవాటు అన్నకు భూమి మీద కూడా పోలేదు. పెళ్ళిచూపులకు వెళ్ళిన ఇంట్లో గోడ తట్టి చూసి, "గోడ డొల్లగుంది, పిల్లెట్లుంటదో" అన్నాడట. మా వదిన ఆ మాట పట్టుకుని జన్మంతా దెప్పుతూనే ఉంది.

మా వైపు తండ్రి ఒంట్లో బాగాలేదని రాయించుకుని ఉద్యోగం నుంచి తప్పుకుంటే ఆ ఉద్యోగం కొడుకుకు వస్తుంది. పొలమున్నవాడు కొడుకుకు పొలం రాసిచ్చినట్టు, బావి మనిషి కొడుకుకు బావిని రాసిస్తాడు. అన్న తన మోకాళ్ళు చూపించి తప్పుకుని, పెద్ద కొడుకును లోపలికి దింపాడు. రెండో ఏడాది కప్పు దిగింది; బండ కూలడాన్ని బావి మనుషులు దిగడమే అంటారు. పెద్దవాణ్ణి గుడ్డలో మూటగట్టి పైకి తెచ్చారు. ముఖం చూపించమని వదిన తల బాదుకుంది. చూపించడానికి ముఖం లేదు. ఆ తర్వాతి ఆదివారం అన్న మందిరంలో సంఘం ముందు నిలబడి, కంట చుక్క నీరు లేకుండా, దేవుని చిత్తం జరిగిందని సాక్ష్యం చెప్పాడు. మేమంతా స్తోత్రం చెప్పాం. పెళ్ళికాని కొడుకు పోయాడు కాబట్టి ఆ ఉద్యోగం తమ్ముడికి ఇస్తామని కొన్నాళ్ళకు కంపెనీ నుంచి కబురొచ్చింది.

ఆ తమ్ముడే మా చిన్నవాడు. కరీంనగర్‌లో గ్రానైటు బండలు కోసే యార్డులో పనిచేసేవాడు. వాడికి గిటారు పిచ్చి. సెలవుకు ఇంటికొచ్చినప్పుడు డ్రమ్ములు వాయించే స్నేహితుడొకణ్ణి తెచ్చుకుని, మా క్వార్టరు వెనక గదిలో, ఫోను ఒక్కటి ముందు పెట్టుకుని మొదటి ఆల్బమ్ చేశాడు. దీన్ని బ్లాక్ మెటల్ అంటారట. గిటారు కందిరీగల గూటిలో రాయి వేసినట్టుంటుంది. డ్రమ్ములు రేకుల మీద రాళ్ళవాన. వాటి పైన వాడి అరుపు, మెడ మీద కత్తి పడ్డ మేక అరుపు. పక్క క్వార్టరులో చంటిపిల్ల ఉలిక్కిపడి ఏడ్చేది, కుక్కలు మాత్రం పారిపోకుండా వచ్చి గుమ్మంలో కూర్చునేవి. కాస్త మంచి మైకులో పాడరాదా అంటే, "గిట్ల పచ్చిగనే ఉండాలె అత్తా. నున్నగ జేస్తే అబద్ధమైతది" అనేవాడు.

ఇదంతా ఎక్కడ నేర్చావని ఒకసారి కూర్చోబెట్టి అడిగాను. వాడు వంశవృక్షం చెప్పినట్టు చెప్పాడు. ముందు, రెండు మూడు స్వరాలు తప్ప ఏమీ రాని, పంకు అనే రకం పాటల కుర్రాళ్ళు కోపంతో వాయించారట. వాళ్ళ నుంచి వేగం వచ్చింది. దానికి భయంకరమైన బరువు గిటార్లు తోడయ్యాయి. తర్వాత ఎక్కడో మంచు దేశాల్లో కుర్రాళ్ళు ముఖాలకు శవాల్లా రంగు వేసుకుని, గీరుకుపోయిన క్యాసెట్ల మీద ఈ సంగీతాన్ని చేశారట. వాళ్ళలో కొందరు ప్రార్థనా మందిరాలు తగలబెట్టారని కూడా వాడే చెప్పాడు.

"గసోంటోళ్ళ కాడ ఏం నేర్సుకున్నవ్ రా?"

"సప్పుడు దీస్కున్న అత్తా. అగ్గి దీస్కోలే." గిటారు తీగ బిగిస్తూ, "అరుసుడు మాత్రం మీ ఉపాస ప్రార్థనల కాడనే నేర్సుకున్న" అన్నాడు. కొట్టడానికి చేయెత్తాను. నవ్వొచ్చి దించేశాను.

ఆల్బమ్ పేరు 'కప్పు'. అట్ట మీద తెల్లరంగు పూసుకున్న వాడి ముఖం, కళ్ళ చుట్టూ నలుపు. సంఘ పెద్ద ఒకాయన చూసి, "సున్నం డ్రమ్ముల పడ్డ పిల్లి లెక్కున్నడు" అని పడిపడి నవ్వాడు. మంచు దేశాల మందిరాల సంగతి తెలిశాక ఆ నవ్వు ఆగిపోయింది. అదే వారం చిన్నవాడు బావిలోకి దిగనని తేల్చి చెప్పాడు. అన్న మనసులో ఆ పాటలు, ఈ మాట రెండూ ఒకటైపోయాయి.

"నౌకరీ వద్దంటున్నది నా కొడుకు గాదు చెల్లె. వాని లోపల కూసున్నది అంటుంది."

"ఒకణ్ణి మింగింది సాలదా?" అంది వదిన వంటింట్లోంచి.

"నువ్వు నోర్ముయ్! వంశంల ఎవ్వడన్న భయపడ్డడా బాయికి?"

శుక్రవారం ఉపవాస ప్రార్థనలో దాన్ని వెళ్ళగొట్టాలని పెద్దలు నిర్ణయించారు. అది వాడి పాటలో దాక్కుంది కాబట్టి, మందిరం సౌండు బాక్సుల్లో ఆ పాటలే పెట్టి, అది తల ఎత్తగానే గద్దించాలన్నారు. అపవిత్రాత్మలున్నాయని నేను నమ్ముతాను. అవి మనుషుల్ని వదిలి వెళ్ళడం చూశాను. అందుకే నేను కూడా పొద్దుటి నుంచి మంచినీళ్ళు ముట్టకుండా వెళ్ళాను. తల్లి కోసం వచ్చాడో, తండ్రికి ఎదురు చెప్పలేక వచ్చాడో, చిన్నవాడు వచ్చి మా మధ్యలో మోకరించాడు.

మిట్టమధ్యాహ్నం. మందిరం పైన రేకులు కాలిపోతున్నాయి. బాక్సులు ఒక్కసారిగా బద్దలైనట్టు మోగాయి. కిటికీ అద్దాలు వణికాయి. సంఘం అక్కచెల్లెళ్ళు చెంగులు చెవుల్లో కుక్కుకున్నారు. "బయటికి రా! గీ బిడ్డను ఇడిసిపెట్టు!" అని పాస్టరు అయ్యగారు కేక వేశారు, యాభై గొంతులు అందుకున్నాయి. ఆ పాటకు, మా ప్రార్థనకు తేడా తెలియలేదు. అన్న వెళ్ళి కొడుకు జుట్టు పట్టి తల వెనక్కి వంచాడు. చెంప మీద కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. "పో! పో!" అంటూ నడుం బెల్టు లాగి వీపు మీద బాదాడు. బకిల్ తగిలి పెదవి చిట్లింది, నెత్తురు గడ్డం మీదుగా చొక్కాలోకి కారింది. వాడు చేయి అడ్డం పెట్టలేదు. నేను వెళ్ళి అన్న చేయి పట్టుకుని వేలాడాను. ఆయన విదిలిస్తే గోడకు కొట్టుకున్నాను.

అప్పుడు పాట ఆగి ఇంకో పాట మొదలైంది. అందులో ముందు గిటారు లేదు. ఇనుప కడ్డీతో బండను తట్టే చప్పుడు. ఖంగ్. ఖంగ్. ఖంగ్. అన్న ఎత్తిన బెల్టు గాలిలో ఆగింది. మళ్ళీ ఖంగ్. ఆ తర్వాతది డొల్లగా పలికింది.

"ఎన్కకు! కప్పు దిగుతుంది, జరుగుండ్రి!" అని అన్న అరిచిన అరుపు ఈ లోకంలోది కాదు. మా సంఘంలో సగం మంది మగవాళ్ళు బావి మనుషులు. ఒక్కరూ ఆలోచించలేదు. చేతికి దొరికినవాణ్ణల్లా లాక్కుని గుమ్మం వైపు దూకారు. బల్లలు తిరగబడ్డాయి, అయ్యగారిని ఎవరో రెక్క పట్టి ఈడ్చుకుపోయారు, ఒకాయన నుదురు పగిలింది. అన్న మాత్రం దూకలేదు. కొడుకును కింద పడేసి, వాడి మీద తన ఒళ్ళంతా కప్పి, రెండు చేతులూ వాడి తల చుట్టూ బిగించాడు.

రేకుల కప్పు ఎక్కడిదక్కడే ఉంది. ఎవరో బాక్సులు ఆపారు. అయినా అరుపు ఆగలేదు, అది అన్న గొంతు. "పెద్దోడా, లెవ్వు బిడ్డా... జరుగు బిడ్డా..." అంటూ, చిన్నవాణ్ణి పట్టుకుని, గొంతు చీరిపోయేలా, సరిగ్గా ఆ పాటల్లోని అరుపే అరిచాడు. ఆయన కింద నుంచి చిన్నవాడు నెత్తుటి నోటితో, "దిగలే బాపూ, కప్పు దిగలే. నేనే కొట్టిన, యార్డుల పగుల్ల బండ మీద, నీ కడ్డీతోనే" అంటూనే ఉన్నాడు. గుమ్మం బయట నిలబడ్డ బావి మనుషులు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

సోమవారం అన్న ఒంటరిగా కంపెనీ ఆఫీసుకు వెళ్ళి, మా ఇంట్లో దిగేవాళ్ళు ఎవరూ లేరని చెప్పి వచ్చాడు. ఆ శుక్రవారం మా ప్రార్థన దేవుడు విన్నాడనే నా విశ్వాసం. పట్టింది ఎవరినో మేమే పొరబడ్డాం. ఆ పాటలు నాకు ఇప్పటికీ గిట్టవు. తలనొప్పి. కానీ చిన్నవాడు వాటిని వాయిస్తుంటే లేచి తలుపు వెయ్యను.

వదిన ఇప్పటికీ ఇద్దరినీ పెద్దోడు, చిన్నోడు అనే పిలుస్తుంది. చిన్నోడి గడ్డంలో ఈ మధ్య తెల్ల వెంట్రుకలు కనిపిస్తున్నాయి. గోడ మీది ఫోటోలో పెద్దోడికి ఇంకా మీసం కూడా సరిగ్గా దిద్దుకోవడం రాదు. కాలం మా ఇంట్లో చిన్నోణ్ణి పెద్దోడి కంటే పెద్దవాణ్ణి చేసి, పెద్దోణ్ణి మా చేతుల్లో పిల్లవాడిగానే వదిలి ముందుకు నడిచిపోయింది.