ఎవరడిగితే ఇచ్చెయ్యాలి?

పై వాటా ఆవిడ ఇందాక నా గిన్నె తిరిగి పంపింది. మూత తియ్యగానే బెల్లం పాకం వాసన గుప్పుమంది. లోపల ఇంకా వెచ్చగా అరసాలు, మన అరిసెలకు ఛత్తీస్‌గఢ్ చుట్టాలు. మొన్న నేను ముద్దపప్పు పెట్టి పంపిన గిన్నె అది. పుచ్చుకున్న గిన్నెను ఉత్తిగా తిరిగివ్వకపోవడం ఇక్కడి వాళ్ళకూ అలవాటే. ఆ వాసనకు ఎవరికైనా నోరూరాలి. నేను మాత్రం, ఇన్నేళ్ళయినా సరే, కనకం అత్త వాకిట్లో నిలబడ్డ చిన్నపిల్లనైపోతాను.

నేను చేసే పని చెబితే బంధువులు ఇప్పటికీ నవ్వుతారు. కంప్యూటర్ ఆటల్లో కల్పిత రాజ్యాలుంటాయి కదా, ఆ జనం మాట్లాడుకోవడానికి లోకంలో లేని భాషలు కట్టిపెడతాను. శంకర్ నగర్‌లోని ఈ ఇంట్లో కూర్చునే. "ఉన్న భాషలు చాలక ఇంకోటా?" అంటాడు మా మేనమామ. ఈ విద్య నాకు ఏ కాలేజీలోనూ అబ్బలేదు. ఈ ఊళ్ళోనే రైల్వే క్వార్టర్సులో మా పక్కింటి కనకం అత్త వంటింటి గడప మీద అబ్బింది. ఆవిడ మాకు వరసకు ఏమీ కాదు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన రైల్వే గుమాస్తా గారి భార్య. గొంతు పెద్దది, కొత్తిమీర కట్ట దగ్గర కూడా కూరల వాడితో యుద్ధానికి దిగే మనిషి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఒక వేసవి. అత్త కూతురు వాణి, నేను ఒక ఈడు వాళ్ళం. మాకు ఎవరికీ అర్థం కాని భాష ఒకటి కావాల్సొచ్చింది. హిందీ అందరికీ వచ్చు, తెలుగు తిట్లయితే కాలనీ కుర్రాళ్ళు ఎప్పుడో నేర్చేసుకున్నారు. అందుకని నోటికొచ్చిన మాటలు పుట్టించడం మొదలుపెట్టాం. గుండ్రటి వస్తువులన్నీ ఒక గుంపు, పొడుగువన్నీ ఒక గుంపు అనుకున్నాం. వంకాయలు తరుగుతున్న అత్త ఫక్కున నవ్వింది.

"లడ్డూ, రైలు చక్రం ఒక్క చోటేటే? ఒకటి మనం తినీసేది, ఒకటి మనల్ని తొక్కీసేది. ముందు అరలు సరిగ్గా కట్టుకోండి. సామాను తర్వాత సర్దుకుందురు గాని."

"మరెలా కట్టాలత్తా?"

"దేన్ని చూసినా ఒక్కటే అడగండి. దీన్ని ఎవరైనా వొచ్చి అడిగితే ఇచ్చీవాలా, అక్కర్లేదా?"

అలా మూడు అరలు వచ్చాయి. ఎవరడిగినా ఇవ్వక్కర్లేనివి మొదటి అర: పేరు, ఆకలి, మోకాలి మీద మచ్చ. అడిగితే ఇచ్చెయ్యవలసినవి రెండోది: పక్కింటి గిన్నె, క్వార్టరు, రైల్వే వాళ్ళ ఫ్యాను. అడగడానికి ఎవరూ లేనివి మూడోది: ఎండ, రైలు కూత, భన్‌పురి ఫ్యాక్టరీల వైపు నుంచి వచ్చే పొగ. ఒక్కో అరకు ఒక్కో చప్పుడు పెట్టుకుని, ప్రతి మాటకూ ముందు తగిలించేవాళ్ళం. పాలపళ్ళ దగ్గర పెద్ద గొడవైంది. ఊడి పోతాయి కనక రెండోది అని నేను, అడిగిందెవరు అని వాణి. ఇప్పుడు నాతో పనిచేసే పెద్ద చదువుల వాళ్ళు ఇంతకన్నా బాగా ఏమీ పోట్లాడుకోరు.

ఒకరోజు వాణి 'కూతురు' అనే మాట తీసుకుని మొదటి అర చప్పుడు తగిలించబోయింది.

"అది కాదు, రెండోది," అంది అత్త, తల ఎత్తకుండా.

వాణి తెల్లబోయింది. "నన్నెవరడుగుతారమ్మా?"

నేను పెద్ద తెలివైనదాన్నిలా "పెళ్ళికొడుకు" అన్నాను. అత్త నవ్వలేదు. వాణి అలిగింది, ఏడ్చింది, అన్నం మానేసింది. ఆటలో మాటే కదా, మార్చెయ్యొచ్చు. అత్త మార్చలేదు. "తప్పు అరలో పెడితే ఎప్పుడో ఒకరోజు మీద పడిపోద్దే," అంది. కన్నతల్లి అలా అనగలదా అనుకున్నాను. ఇంటికెళ్ళి చెబితే అమ్మ గబుక్కున నా నోరు మూసింది. అప్పటికీ నాకు వెలగలేదు.

ఆ సెలవులు అయిపోకుండానే ఒక మధ్యాహ్నం అత్త ఇంటి ముందు ఆటో ఆగింది. సన్నగా ఉన్న ఒకావిడ, ఆమె భర్త దిగారు. ఆవిడ వాణిని చూస్తూనే గుమ్మం పట్టుకుని భోరుమంది.

"అక్కా, నాకు ఒళ్ళు బాగైపోయింది. నా పిల్లని నాకిచ్చీ."

ఆవిడ అత్త చెల్లెలు చిట్టి. కాన్పుతో మంచాన పడితే, లేచి తిరిగాక ఇచ్చేస్తానని మాటిచ్చి నెలల పిల్లను అత్త తెచ్చుకుందట. కాలనీలో పెద్దవాళ్ళందరికీ తెలుసు. తెలియనిది మా ఇద్దరికే. వాణి గోడకు ఆనుకుని అలాగే ఉండిపోయింది, ఏడవను కూడా లేదు. అత్త పోట్లాడుతుందని నేను ఎదురుచూశాను. కొత్తిమీరకే ఊరుకోని మనిషి పిల్ల కోసం ఊరుకుంటుందా? ఊరుకుంది. "ముందు కాళ్ళు కడుక్కోండి, భోంచేద్దురు గాని," అంది.

"ఇవ్వనని చెప్పత్తా!" అని అరిచాను.

"అడిగింది కదే," అంది. ఆవిడ మీద అంత కోపం మళ్ళీ ఎవరి మీదా రాలేదు నాకు.

మర్నాడు పొద్దున్నుంచీ ఆ ఇంట్లో బెల్లం పాకం వాసన. అత్త అరిసెలు వండి డబ్బా నిండా సర్దింది. ఆటోలో సామాను పెడుతుంటే చిట్టి, "ఇవన్నీ ఎందుకక్కా," అంది.

"ఉత్తి గిన్నె తిరిగివ్వకూడదు కదే చిట్టీ. చదువు, పాట, హిందీ మాటలు, నాకు చేతనయిందేదో వేసే ఇస్తన్నాను."

అత్త చూస్తున్నది డబ్బా వైపు కాదని నాకు అప్పుడు తెలిసింది.

ఆటో ఎక్కిన వాణి మళ్ళీ దిగింది. గడప దాకా వచ్చి నిలబడింది.

"నన్ను రెండో అరలో పెట్టావు. సరే. నిన్ను మాత్రం నేను మొదటి దాన్లో పెట్టుకున్నాను. ఎవరడిగినా ఇవ్వను."

ఆటో మలుపు తిరిగేదాకా అత్త నిలబడే ఉంది. ఆ తర్వాత అక్కడికక్కడే, వాకిట్లో, కూలబడిపోయింది.

అత్త ఇప్పుడు లేదు. నేను కట్టే ప్రతి భాషలోనూ రాయి నుంచి దేవుడి దాకా అన్ని మాటలకూ అర నేనే నిర్ణయిస్తాను. అమ్మకు, కూతురికి మాత్రం నిర్ణయించను. "ఎవరో ఒకరు తేల్చాలి కదా మేడం," అంటుంది పనిలో కొత్తగా చేరిన అమ్మాయి. తేలుస్తారు, ఆటలో ఆ మాట పలికే మనిషే వచ్చి తేల్చుకోవాలి అంటాను, ఆటో దిగి వచ్చి గడప దగ్గర వాణి తేల్చుకున్నట్టు.