ఎర్ర పేలిక, తెల్ల పేలిక

“ఈ పేలికలు నువ్వు కట్టావా, పాపా?”

“నేను కట్టలే.”

మా మేస్త్రికీ నాకూ మధ్య నడిచిన ఆఖరి మాటలివి. నా చిన్నప్పటి సంగతి ఏది చెప్పబోయినా ముందు ఇవే నోటికొస్తాయి. అప్పుడు నాకు పదేళ్లు. ఇప్పుడు నేను చెప్తుంటే మనవరాలు రాస్తోంది. నేర్చిన నాలుగక్షరాలు మరిచిపోయాను, ఇప్పుడు నాకు సంతకం తప్ప రాదు.

మహబూబాబాదును మేం మానుకోట అంటాం. అక్కడ స్టేషను దగ్గర మా బాపుకు ఒక రేకుల షెడ్డు ఉండేది. రైతుల ఆయిలింజన్లు బాగుచేసేవాళ్లు. బేరాలు బాపువి, చేతిపని అంతా మేస్త్రిది. ఆయన బెజవాడ అవతలి నుంచి వచ్చినవాడు. ఆయన “ఏంటండీ”, “అలాగేనండీ” అంటుంటే నేను వెనక నిలబడి ఎక్కిరించేదాన్ని. “ఏమే కోతీ, నా మాట నీకంత వింతగా ఉందా?” అని నవ్వేవాడే గానీ ఒక్కనాడూ కసరలేదు.

ఇంజను దిమ్మ మీద మూత అటూ ఇటూ జరగకుండా కూర్చోవాలంటే మధ్యలో రెండు ఉక్కు పిన్నులు ఉండాలి. పిన్ను దిమ్మలోకి సుత్తితో కొడితేనే దిగాలి. మూతలోకి మాత్రం చేత్తో నెడితే జారాలి. అందుకే ఒకే పిన్నుకు రెండు రీమర్లు. డ్రిల్లు వేసిన రంధ్రాన్ని చివరికి సన్నగా గీకి కొలతకు తెచ్చేది రీమరు. ఆ రెండింటికీ తేడా వెంట్రుకంత కూడా ఉండదు, చూస్తే కవలలే. వాటి మీది అంకెలు ఎప్పుడో అరిగిపోయాయి. అందుకని మేస్త్రి బిగువు రీమరు మెడకు ఎర్ర గుడ్డపేలిక, జారుడు రీమరుకు తెల్లపేలిక చుట్టి, నూనె చేతులతో గట్టి ముడి వేసేవాడు. “తక్కువ గీకితే ఇంకోసారి గీకొచ్చు పాపా. ఎక్కువ గీకితే ఆ ఇనుము మళ్లీ రాదు” అని చెప్పేవాడు.

ఆ ఏడు, అంటే అరవై తొమ్మిదిలో, తెలంగాణ కావాలని ఊరంతా రోడ్డెక్కింది. బడిపిల్లలం కూడా ఊరేగింపుకు తయారయ్యాం. అందరి జడలకూ రిబ్బన్లున్నాయి, నాకు లేవు. దుకాణాలు మూసి ఉన్నాయి. ఎవరూ చూడకుండా షెడ్డులోకి దూరి, ఆ రెండు పేలికలూ విప్పి, ఒక జడకు ఎర్రది, ఒక జడకు తెల్లది కట్టుకున్నాను. గొంతు పోయేదాకా జై తెలంగాణ అని అరిచి వచ్చాను. సాయంత్రం తిరిగి కట్టబోతే ఏది దేనిదో తెలియలేదు. అడిగితే దెబ్బలు పడతాయని తోచినట్టు కట్టేశాను. అదీ రిబ్బను కట్టినట్టు, పువ్వు ముడి.

మర్నాడు పొద్దున్నే పక్క తండా రైతు ఒకాయన, మూత పిన్ను అరిగి వదులైన ఇంజను బండి మీద తెచ్చాడు. వరి పొట్ట మీద ఉంది, బావిలో నీళ్లున్నా తోడేందుకు ఇంజను లేదు. మధ్యాహ్నం నుంచి బంద్. అంతలోగా షెడ్డు మూయాలి. మేస్త్రి రోజూ అయితే ముందు పాత ముక్క మీద రీమరు తిప్పి చూసుకునేవాడు. ఆ రోజు రైతు మొహం చూసి, ఎర్ర రంగును నమ్మి, నేరుగా దిమ్మలో దించాడు. పిన్ను పెట్టి సుత్తి అందుకునేలోపే అది తనంతట తాను లోపలికి జారిపోయింది.

ఆయన రెండు వేళ్లతో పిన్ను బయటికి తీశాడు. రీమరు మెడ మీది పువ్వు ముడి వైపు చూశాడు. తర్వాత పక్కనే నిలబడ్డ నా వైపు. నా జడ కొసలకు ఇంజను మడ్డి ఇంకా నల్లగా అంటుకునే ఉంది. అందరికీ వీపు పెట్టి, రెండు పేలికలూ విప్పి, మార్చి, తన ముడి తాను వేశాడు. అది చూసింది నేనొక్కదాన్నే.

రంధ్రం పెద్దదైపోయింది, ఇక అంతకన్నా లావు పిన్ను, దానికి తగ్గ రీమరు వరంగల్ నుంచి రావాలి. బంద్‌లో బస్సుల్లేవు. రైతు బండి చక్రానికి ఆనుకొని కూలబడ్డాడు. వాకిట్లో జనం పోగయ్యారు.

“ఏందయ్యా మేస్త్రీ, మా పొలాలు ఎండబెట్టనీకే వచ్చినవా?”

“ఆంధ్రోని చేతుల పెడితే గిట్లనే ఐతది. కావాలనే చెడగొట్టిండు.”

బాపు, “గిదెట్లయింది?” అని అడిగాడు. “నా చెయ్యి తప్పిందండీ” అన్నాడు మేస్త్రి. ఆ చెయ్యి తప్పదని బాపుకు తెలుసు. కానీ వాకిలి నిండా జనం. “రేపటి సంది రాకు. జర అర్థం చేసుకో” అన్నాడు, నేల చూస్తూ.

మేస్త్రి తన సామాను సంచిలో వేసుకొని గడప దగ్గర ఆగాడు. బాపు లోపలున్నాడు, వినబడేంత దూరంలో లేడు. ఆ పేలికల మాట మేస్త్రి చిన్నగా అడిగాడు. నేను అబద్ధమాడాను. నా జడ కొస వేళ్లతో ఎత్తి చూశాడు, మెల్లగా నా భుజం మీద పెట్టాడు, స్టేషను వైపు వెళ్లిపోయాడు.

లావు పిన్ను వచ్చేసరికి వారం దాటింది. తండా రైతు పంట సగం తాలుపోయింది. ఆ ఏడు మూతపడ్డ బడి మళ్లీ తెరిచినా నన్ను పంపలేదు. తర్వాత బొగ్గుబాయిలో పనిచేసే ఆయనకు ఇచ్చారు. మా ఆయన పోయేదాకా పక్కనే ఉన్నా, ఈ మాట ఆయనకూ చెప్పలేదు, బాపుకూ చెప్పలేదు. మలివిడత ఉద్యమంలో రోడ్డు మీద పొయ్యి పెట్టి వందలమందికి వండాను. రాష్ట్రం మాకు రావలసిందే, అరిచినందుకు నాకు సిగ్గు లేదు. నా సిగ్గు ఆ గడప దగ్గరిది. ఇప్పటికీ ఎవరి మీదనైనా తప్పు పడుతుంటే నా చెయ్యి జడ కొసను వెతుక్కుంటుంది. జడ ఎప్పుడో పోయింది.

బిడ్డా, ‘నేనే కట్టిన’ అని రాసినవా? రాయలేదా? గిప్పుడు రాయి. ఏడ రాసినవో నా ఏలు పట్టి దాని మీద పెట్టు. ఆఁ. ఇగ మొదటి సంది చదువు, నేనింట.