నాయన చూసిన సముద్రం

మొన్న తిరుపతిలో కంటి డాక్టరు దగ్గర చుక్కలు వేయించుకుని కూర్చుంటే, గోడమీది టీవీలో ఏదో పాత సముద్రపు దొంగల సినిమా వస్తోంది. తెరచాపలూ కత్తులూ మసకగా తప్ప కనిపించలేదు గానీ, అలల హోరు వినగానే మా అన్న గుర్తొచ్చాడు.

మా కాలంవాళ్లకు ఆ సినిమాలంటే ఎంత పిచ్చో మళ్లీ చెప్పాలా! శ్రీకాళహస్తిలో ఆదివారం పొద్దుటి ఆటకు ఇంగ్లీషు బొమ్మ వేసేవాళ్లు. ఒక్క మాటా అర్థం కాకపోయినా, నాయకుడు తాడు పట్టుకుని ఈ ఓడమీంచి ఆ ఓడమీదికి దూకితే హాలంతా ఈలలే. అన్న ఒక్కో బొమ్మ నాలుగైదుసార్లు చూసి, ఇంటికొచ్చి తన సొంత మాటలు కలిపి చెల్లెలినైన నాకు కథంతా చెప్పేవాడు. స్వర్ణముఖిలో మోకాలిలోతు నీళ్లే అపురూపమైన ఊళ్లో వాడికి సముద్రం పిచ్చి పట్టుకుంది.

నాయన కలంకారీ పనివాడు. గుడ్డమీద సేతువు కింద అలల్ని ఎన్నిసార్లో గీశాడు గానీ, సముద్రాన్ని ఎన్నడూ చూడలేదు, అప్పటిదాకా సినిమాహాలు గడప తొక్కలేదు. తన పని అన్నకు అప్పగించాలన్నదే ఆయన ఆశ. సరుకుల ఓడలో వంటవాడికి సాయంగా కుదిరానని అన్న మద్రాసునుంచి వచ్చి చెప్పిన రోజు ఆయన తిట్టలేదు, కొట్టలేదు. "దొంగల బొమ్మలు సూసి నా కొడుకు పోతాండాడు" అని గోడవైపు తిరిగి కూర్చున్నాడు. అన్న కాళ్లకు మొక్కినా తల తిప్పలేదు.

మొదట్లో ఉత్తరాలు వచ్చేవి. నేను పైకి చదువుతుంటే నాయన విననట్టే ఉండి కలం ఆపేవాడు. తర్వాత ఏడెనిమిది నెలలు ఒక్కటీ రాలేదు, ఓడవాళ్లకు రాసినా జవాబు లేదు. అమ్మ అప్పటికే లేదు, నాకు బడిలో కొత్తగా ఉద్యోగం. ఒక ఆదివారం నాయన ఉతికిన పంచె కట్టుకుని నా ముందు నిలబడ్డాడు.

"ఆ ఓడ సినిమా మళ్లీ వచ్చిండాదంట. నన్ను తీసకపో పాపా."

తెరమీద తుఫానుకు ఓడ ఒరిగి మనుషులు నీళ్లలో పడుతుంటే చుట్టూ జనం కేరింతలు కొడుతున్నారు. ఆయన మాత్రం నా మణికట్టు గట్టిగా పట్టుకుని, పడిన ప్రతి మనిషి మొహంలోకీ వెతుక్కుంటూ చూశాడు. బయట ఎండలో చాలా దూరం నడిచాక అడిగాడు. "ఓడలో వంట చేసేవాళ్లు యాడుంటారు? వాళ్లను సూపించనే లేదే."

లోపల, అడుగున ఉంటారని నాకు తోచింది చెప్పాను.

"అయితే తడవరులే" అన్నాడు.

అన్న బతికే ఉన్నాడు. ఏదో దూరపు రేవులో జబ్బుచేసి ఆసుపత్రిలో పడి, లేచి, మరుసటి వేసవిలో సగం మనిషై ఇల్లు చేరాడు. అప్పటికి నాయన పోయి నలభై రోజులు. సినిమాకు వెళ్లిన సంగతి చెబితే, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. "ఆడ నాకు సముద్రం కనపడిందే తక్కువ మే, పొయ్యి ముందరే పొద్దు పోయేది" అన్నాడు చివరికి. మళ్లీ ఓడ ఎక్కలేదు, అలాంటి బొమ్మా చూడలేదు.

ఇప్పుడు మా వీధిలో ఓడ ఉద్యోగం చేసే అబ్బాయి నడిసముద్రంలోంచి రోజూ పెళ్లాంతో మొహం చూపించి మాట్లాడతాడు. మంచిదే, ఎవరికీ అంత ఎదురుచూపు అక్కర్లేదు. మా ఊరి సినిమాహాలేమో కల్యాణమండపమైంది. ఆ బొమ్మలే మా అన్నను తీసుకుపోయాయని కోపం తెచ్చుకుందామనుకుంటాను గానీ, కొడుకున్న చోటు ఎలా ఉంటుందో మా నాయనకు చూపించడానికి ఆనాడు ఉన్నవీ అవే గదా అనిపించి, ఊరుకుంటాను.