జైలుకు పంపిన పరీక్ష పేపరు

నా చిన్నప్పుడు సూరత్‌లోని నవాగామ్‌లో మాది ఒక్క గది ఇల్లు. నాన్న మరమగ్గాల కార్ఖానాలో పనిచేసేవాడు. కోపం వస్తే పక్కకు పోవడానికి మరో గది లేదు. అందరం ఎదురెదురుగా కూర్చుని ముఖాలు మాడ్చుకోవాల్సిందే.

అక్క పదో తరగతి పరీక్షలు దగ్గరపడిన రోజులవి. ఒకనాడు చెప్పాపెట్టకుండా స్నేహితురాళ్లతో డుమాస్ సముద్రం చూడటానికి వెళ్లి, చీకటి పడేదాకా రాలేదు. నాన్న పని వదిలేసి వీధులన్నీ వెతికాడు. అక్క గుమ్మంలో అడుగు పెట్టగానే, "ఇగ బడి బంద్. పరీక్ష లేదు, గిరీక్ష లేదు" అన్నాడు. నాన్న మాటంటే మాటే. అక్క ఏడ్చి ఏడ్చి అన్నం ముట్టలేదు. నాకైతే నాన్న మీద ఒళ్లు మండిపోయింది.

మాతోనే ఉండే తాతయ్య ఇదంతా చూశాడు. తర్వాత ఒకరోజు భోజనాల దగ్గర, ఎవరూ అడగకుండానే, తాను బొంబాయి మిల్లులో పనిచేసిన రోజుల కబుర్లు ఎత్తుకున్నాడు. అక్కడ హైకోర్టు, విశ్వవిద్యాలయం పక్కపక్కనే ఉంటాయట. వెనకటికి ఒక తెల్లదొర ఆ కోర్టులో జడ్జిగా ఉంటూనే విశ్వవిద్యాలయానికీ పెద్దగా ఉన్నాడట. ఇక్కడ శిక్షలు వేసి, గౌను మార్చుకుని, అక్కడ పట్టాలు ఇచ్చేవాడు. సర్కారును ఎదిరించిన ఒక విద్యార్థికి ఆయనే జైలు వేశాడు. ఆ కుర్రాడి పరీక్ష వచ్చేసరికి, ప్రశ్నపత్రం జైలుకు పంపించిందీ ఆయనే.

"అంటే విడిచిపెట్టిండా?" అన్నాడు నాన్న, కంచంలోంచి తల ఎత్తకుండా.

"ఎందుకు విడుస్తడు? తప్పు చేసిండు, జైల్ల కూసున్నడు. చదువేం తప్పు చేసింది బిడ్డా?" అన్నాడు తాతయ్య.

నాన్న చెయ్యి కడుక్కుని లేచాడు. పరీక్షల రోజుల్లో అక్కను తనే సైకిల్ మీద తీసుకెళ్లి, అయ్యేదాకా గేటు బయట నిలబడి, వెనక్కి తీసుకొచ్చాడు. ఆ వేసవంతా అక్కను గడప దాటనివ్వలేదు. పరీక్ష మాత్రం పాసయింది.

పెద్దయ్యాక ఆ దొర గురించి తాతయ్యను గుచ్చి గుచ్చి అడిగాను. ఆయన పకపకా నవ్వి, "జడ్జి నిజమే, యూనివర్సిటీకి పెద్ద అన్నదీ నిజమే. జైలుకు పేపరు పంపింది మాత్రం నేనే" అన్నాడు.

ఆ ముక్క తాతయ్య అల్లిందని తెలిశాక కూడా ఆ జడ్జి మీద నాకు గౌరవం తగ్గలేదు, ఎందుకో మరి. ఇప్పుడు నాకు మనవలున్నారు. అల్లరి చేస్తే శిక్ష వేస్తాను, అందులో మొహమాటం లేదు. కానీ వేసే ముందు, వాళ్ల చేతుల్లోంచి ఏం లాక్కుంటున్నానో ఒకసారి చూసుకుంటాను.