ఆ బండిని వాగు దాటించింది నేనే

పోలీసు క్యాంపు బండిని ఆ ఊళ్ళోకి పిలిపించింది ఆ ఊరి పిల్లేనని సుక్మాలో ఇప్పటికీ కొంతమంది అంటారు. మా ఆఫీసులోనూ అదే మాట నిలబడిపోయింది. అది అబద్ధం. ఆ బండిని వాగు దాటించింది నేను. ఆ నింద మోసింది ఆమె.

మాది కుంట దగ్గర, శబరి ఒడ్డున తెలుగు మాట్లాడే ఊరు. మిరప కోతలకు నది దాటి కూలికి వెళ్ళే కుటుంబం. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, పశువుల వెంట దొర్లి, సంతలో హల్బీ. డిగ్రీ కన్నా ఈ నాలుగు భాషలే నాకు అన్నం పెట్టాయి. ఒక సంస్థ నన్ను ఉద్యోగంలోకి తీసుకున్నది వాటి కోసమే.

జగర్గుండా వైపు ఊళ్ళలో సోలార్ మోటార్లు, చింతపండు ఆరబెట్టే షెడ్లు, సరుకు పాడవకుండా దాచే చల్లగదులు పెట్టించడం మా పని. వాటిని నడిపే ఉద్యోగాలు, బాగుచేసే ఉద్యోగాలు అక్కడి పిల్లలకే రావాలి. పెట్టుబడి పెడతామన్న కంపెనీ వాళ్ళు ఒక్కటే అడిగారు, అందరూ ఒప్పుకోవాలని. అందరూ అంటే గ్రామసభలు, మహిళా సంఘాలు, గీదం వ్యాపారులు, గనుల టౌన్‌షిప్‌లో రిటైరైన కార్మికులు, బ్యాంకు, అధికారులు. వీళ్ళందరినీ ఒక్క వేదిక మీదికి తేవాల్సిన బాధ్యత నాది.

ఒక్కొక్కరికి ఒక్కో భయం ఉండేది. చల్లగది వస్తే ఆడవాళ్ళు సరుకు దాచుకుని ధర అడుగుతారని వ్యాపారుల భయం. గని ఎన్నాళ్ళుంటుందో, తర్వాత పిల్లలు ఏం తింటారోనని టౌన్‌షిప్ వాళ్ళ భయం. ఆ దారిలో తమ మనుషులకు ఏమవుతుందోనని బ్యాంకు భయం. ముందు సోలార్ పలకలు వస్తాయి, తర్వాత కొలతలు వేస్తారు, ఆ తర్వాత భూమి పోతుందని ఊళ్ళ భయం. నేను వాళ్ళ మాటలన్నీ ఒకరికొకరికి అనువదించాను, భయాలు తప్ప. అందుకే వేదిక అంత తొందరగా నిలబడింది.

ఆ పిల్ల దొర్లి మాట్లాడే దొర్ల తెగ పిల్ల. టౌన్‌షిప్‌లో రిటైరైన ఒక ఎలక్ట్రీషియన్ దగ్గర పని నేర్చుకుంది. మా దగ్గర మొదట ఉద్యోగం వచ్చిన వాళ్ళలో ఆమె ఒకతె. దోర్నపాల్‌లో గది తీసుకుని ఉండేది. నన్ను మామా అని పిలిచేది.

వాళ్ళ ఊరికి వెళ్ళాలంటే ఒక పద్ధతి ఉంది. అడవిలో తుపాకులు పట్టుకున్న వాళ్ళు ఒకవైపు, క్యాంపుల్లో ఉన్న పోలీసులు ఒకవైపు, మధ్యలో ఏళ్ళ తరబడి బతికిన ఊళ్ళు చేసుకున్న పద్ధతి అది. ఎవరూ తమంతట తాము వాగు దాటరు. ముందు సంతలో కబురు చెప్పాలి. చెప్పిన రోజున ఊరి నుంచి ఒక మనిషి వచ్చి అవతలి ఒడ్డున మద్దిచెట్టు కింద నిలబడాలి. ఆ మనిషి చెయ్యెత్తాకే నీళ్ళలో దిగాలి. ఎవరు తీసుకుపోతే వాళ్ళే వచ్చినవాళ్ళకు పూచీ. బయట ఉద్యోగం చేసే సొంత ఊరి పిల్లలకైనా ఇదే లెక్క. చెట్టు కింద ఎవరూ లేకపోతే వెనక్కి తిరగాలి. ఎందుకు రాలేదని అడిగే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. తుపాకుల చప్పుడు తగ్గి, రోడ్లు పడిన తర్వాత కూడా ఆ పద్ధతి పోలేదు.

ఆ పిల్ల కోసం ప్రతిసారీ వాళ్ళమ్మ వచ్చేది.

మోటారు సంగతి మాట్లాడటానికి ఊరంతా కూర్చున్న రోజు ఆమె నా పక్కనే ఉంది. ఊరి పెద్దాయన చుట్ట ఆర్పి చెవి సందున పెట్టుకుని మొదలుపెట్టాడు.

"మోటారు పెట్టుకుందం. నీళ్ళొస్తే ఎవరికి చేదు? కాని ఒక్క మాట. క్యాంపు బండి వాగు దాటొద్దు. బండొస్తది, పోతది. ఎన్క అడిగెటోళ్ళకు జవాబు చెప్పుకునేది మేము."

"రాదు పెద్దయ్యా," అన్నాను.

"నువ్వంటున్నవా, మీ సాబులంటున్నరా?"

"నేనే అంటున్న."

వెనక నుంచి ఒక ముసలామె గొంతు కలిపింది. "వాని నోట్ల నాలుగు నాలుకలున్నయి. ఏ నాలుకతోని అంటున్నడో అడుగుర్రి."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అప్పుడు ఆ పిల్ల లేచింది. "మామ మాటకు నాది పూచీ. తప్పితే నన్నడుగుర్రి." వాళ్ళమ్మ ఆమె కొంగు పట్టుకుని కిందికి లాగింది. కానీ మాట అప్పటికే అందరి చెవుల్లో పడిపోయింది.

మోటారు బిగించాక సుక్మాలో సమావేశం పెట్టారు. కంపెనీ వాళ్ళు, బ్యాంకు వాళ్ళు వెళ్ళి కళ్ళారా చూస్తే మిగతా ఊళ్ళకు డబ్బు వస్తుంది. బ్యాంకు అధికారి నన్ను హిందీలో అడిగాడు, ఊరివాళ్ళు ఏమన్నారని. ఒప్పుకున్నారని చెప్పాను.

గీదం వ్యాపారి కుర్చీలో వెనక్కి వాలి, "భయ్యా, చింతపండు చల్లగదిలో కూర్చుంటే మమ్మల్ని ఎండలో కూర్చోమంటావా?" అన్నాడు. గదంతా నవ్వింది. అతను నవ్వలేదు.

"దారి సంగతి?" బ్యాంకు అధికారి మళ్ళీ అడిగాడు.

"ముందు మా బండి ఒకటి పోతుంది. మీకేం భయం లేదు," అన్నాడు అక్కడున్న క్యాంపు అధికారి.

బ్యాంకు అధికారి అంతసేపూ చేతిలో తిప్పుతున్న పెన్ను జేబులో పెట్టుకున్నాడు. అందరూ నా వైపు చూశారు. ఊరు పెట్టిన షరతు అప్పుడు చెప్పాలి. చెబితే ఆయన లేచిపోతాడు, ఆయన వెంట కంపెనీ, కంపెనీ వెంట టౌన్‌షిప్ వాళ్ళు. "అలాగే సర్," అన్నాను.

వాగు ఇవతలే ఆపమని క్యాంపు బండి డ్రైవర్‌తో చెప్పుకోవచ్చని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. బయలుదేరే ముందు చెప్పాను కూడా. అతను ఊఁ అన్నాడు. నా ఏర్పాటంతా ఆ ఊఁ మీదే ఆధారపడింది.

ఇప్పపూలు రాలే రోజులు. చెట్ల కింద ఆకులు కాల్చిన పొగ దారి పొడుగునా పట్టి ఉంది. అవతలి ఒడ్డున తల్లీ కూతుళ్ళిద్దరూ మమ్మల్ని తీసుకుపోవడానికి నిలబడి ఉన్నారు. ముందున్న క్యాంపు బండి ఆగలేదు. వాళ్ళ పక్కనుంచే నీళ్ళు చిమ్ముకుంటూ ఒడ్డెక్కింది. తల్లి సగం ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. తర్వాత మెల్లగా దించి చీరలో దాచుకుంది.

నేను దిగగానే పిల్ల దగ్గరికి వచ్చింది. "మామా, ఇదేంది?"

"ఏం కాదు బిడ్డా. తొందరగ చూపించి పోదం."

"ఏం కాదని నువ్వెట్లంటవ్?"

ఊళ్ళో ఒక్క మనిషి లేడు. పొయ్యిల మీద అంబలి ఉడుకుతోంది. ఒక ఇంటి ముందు చేటలో సగం గింజలు తీసిన చింతపండు ఉంది. కోళ్ళు తిరుగుతున్నాయి. అడవి అంచున కొమ్మ కదిలినప్పుడల్లా అటు తిరిగి చూశాను. వాళ్ళందరూ అక్కడి నుంచి మమ్మల్ని చూస్తున్నారని తెలుసు. ఇంకెవరు చూస్తున్నారో తెలియదు. పిల్ల మోటారు వేసింది. ఖాళీ చేలోకి నీళ్ళు ధారగా పడ్డాయి. యూనిఫారం వేసుకున్నవాళ్ళు నీడలో నిలబడ్డారు. బ్యాంకు అధికారి ఫోటోలు తీసుకుంటూ, ఎంత ప్రశాంతంగా ఉందండీ ఈ ఊరు అన్నాడు.

ఆ మాటను నేను ఎవరికీ అనువదించలేదు.

బండి ఊరి దాకా వచ్చిన సంగతి సంతల్లో పాకింది. తర్వాతి సమావేశంలో, పిల్లకు పని నేర్పిన టౌన్‌షిప్ పెద్దాయన లేచి అడిగాడు. ఆయనది కోస్తా. "క్యాంపు బండి వాగు దాటదని ఊళ్ళో మాటిచ్చారంట కదండీ. మరి దాటొచ్చని ఎవరు చెప్పారు?"

"ఆ అమ్మాయే ఏం కాదంది," అన్నాను.

ఆమె తలుపు దగ్గరే కూర్చుని ఉంది, పనిముట్ల సంచి ఒళ్ళో పెట్టుకుని. నా వైపు చూసింది. కాదంటుందని ఎదురుచూశాను. అంటే బాగుండునని కూడా ఒక్క క్షణం అనిపించింది. ఆమె అనలేదు. పెద్దాయన ఆమె వైపు తిరిగి, "ఎంత పని చేశావమ్మా," అని కూర్చున్నాడు.

బయటికొచ్చాక ఎందుకు మాట్లాడలేదని ఆమెనే అడిగాను. అలా అడగడానికి నాకు నోరెలా వచ్చిందో.

"గంతమంది సాబుల ముంగట నేను కాదంటే ఎవరు నమ్ముతరు మామా," అంది.

ఆ వారం ఆమె ఇంటికి బయలుదేరింది. మద్దిచెట్టు కింద ఎవరూ లేరు. పొద్దు వాలే దాకా కూర్చుని తిరిగొచ్చింది. తర్వాతి సంత రోజున మళ్ళీ వెళ్ళింది. మళ్ళీ ఎవరూ రాలేదు. తల్లి బాగానే ఉందో లేదో చెప్పేవాళ్ళు లేరు. కబురు పంపితే సంతలో ఆడవాళ్ళు విననట్టు తల తిప్పుకున్నారు. ఆమె పని మానలేదు కానీ బజారుకు వెళ్ళడం మానేసింది. గది కిటికీకి అట్టముక్క అడ్డం పెట్టుకుంది.

ఒకరోజు దోర్నపాల్‌లో టీ తాగుతుంటే, మోటార్‌సైకిల్ ఆపి ఒకాయన నా పక్కన నిలబడ్డాడు. ముఖానికి తువ్వాలు చుట్టుకున్నాడు, ఎండకో దేనికో. "బండి తెచ్చిన పిల్ల ఈడనే ఉంటదట గద?" అన్నాడు, టీ కొట్టతన్ని అడిగినట్టే అడుగుతూ.

"ఏ పిల్ల?" అన్నాను.

"నీకెరుక లేదా?"

"లేదు."

నన్ను కాసేపు చూసి టీ తాగి వెళ్ళిపోయాడు. చుట్టమో, అడవి లోపలివాడో, క్యాంపువాళ్ళ మనిషో, ఊరికే అడిగినవాడో నాకు ఈ రోజుకూ తెలియదు. ఆ మనిషి వెతుకుతున్నది నిజానికి నన్ను. దొరికేది ఆమె.

సంతలో ఊరి పెద్దాయనకు కబురు పెట్టాను. కబురు విన్నవాడు సరేననలేదు. అయినా వెళ్ళాను. మోటార్‌సైకిల్ రోడ్డు మీదే వదిలి వాగు దాకా నడిచి, ఇవతలి ఒడ్డున ఇసుకలో కూర్చున్నాను. ఎండుటాకుల్లో ఉడుత పరిగెత్తినా లేచి నిలబడేవాణ్ణి. పారిపోవాలని చాలాసార్లు అనిపించింది. పొద్దు నడినెత్తి దాటాక చెట్టు కిందికి పెద్దాయన వచ్చాడు. వెనక ఇద్దరు మగవాళ్ళు, వాళ్ళ వెనక పిల్ల తల్లి. ఎవరూ చెయ్యెత్తలేదు.

"ఎవరికోసం కూసున్నవ్?" అన్నాడు అక్కడి నుంచే.

"మీకోసమే పెద్దయ్యా."

"బండేది?"

"లేదు. నడిచొచ్చిన."

తెలుగులో మొదలుపెట్టబోయాను. ఆపాడు. "మా మాటల చెప్పు. ఈమె కూడ వినాలె."

దొర్లిలో చెప్పాను. బండి వస్తుందని నాకు తెలుసు, పిల్లకు తెలియదు, సుక్మా సమావేశంలో అడిగితే ఆమె మీద వేశాను. హిందీలో అయితే ఈ మూడు మాటల చుట్టూ ఎన్నో మాటలు చుట్టేవాణ్ణి. ఆ భాషలో నాకు అవి రావు.

మగవాళ్ళలో ఒకడు అడిగాడు. "ఎందుకు తెచ్చినవ్?"

"భయమైంది."

"దేనికి?"

"బ్యాంకాయన లేచిపోతడని."

వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పెద్దాయన చుట్ట తీసి, వెలిగించకుండానే నోట్లో పెట్టుకున్నాడు. "ఆయన కుర్చీల నుంచి లేస్తడని భయమైందా నీకు. మేము పొయ్యి మీద అంబలి ఇడిసి లేసి ఉరికినం. దానికి భయం కాలేదా?"

తల్లి మొదటిసారి నోరు విప్పింది. "నా బిడ్డ తింటున్నదా?"

"తింటున్నది."

"అబద్ధమాడకు."

"సరిగ తింటలేదు."

ఆమె పెద్దాయన వైపు చూసింది. ఆయన నోట్లోంచి చుట్ట తీసి అన్నాడు. "పిల్లను రమ్మను. తల్లొచ్చి తీస్కపోతది. మోటారు పని అదే చేస్తది. నువ్వు మాత్రం ఇగ ఈ వాగు దాటొద్దు. ఇప్పుడన్న మాట సుక్మాల గూడ అను."

అంటానన్నాను.

మరుసటి సంత రోజున పిల్ల వెళ్ళింది. నేను రోడ్డు మీద నుంచి చూశాను. తల్లి నీళ్ళలోకే ఎదురొచ్చి సంచి తీసుకుని నెత్తిన పెట్టుకుంది.

సుక్మాలో మాత్రం వెంటనే అనలేదు. కొత్తగా ఇంకో కంపెనీ వస్తోంది, ఇంకొన్ని ఊళ్ళు చేరుతున్నాయి, ఇప్పుడు కాదు, పని కుదిరాక అనుకుంటూ గడిపాను. చివరికి ఈ ఎండాకాలం సమావేశంలో లేచి చెప్పాను. నేను భయపడిన బ్యాంకు అధికారి బదిలీ అయ్యాడు. కొత్తాయనకు ఏ బండో తెలియదు. కుర్చీల నుంచి ఎవరూ లేవలేదు. గీదం వ్యాపారి, "వదిలెయ్ భయ్యా, పాత ముచ్చట," అన్నాడు. టౌన్‌షిప్ పెద్దాయన ఒక్కడే తల దించుకుని, నాతో మాట్లాడకుండా బయటికి నడిచాడు.

ఆ గదిలో చెప్పింది ఆ గదిలోనే ఉండిపోయింది. ముందు చెప్పిన అబద్ధం టీ కొట్లకూ సంతలకూ ఎప్పుడో చేరింది. పిల్లకు ఇప్పుడు వేరే ఊళ్ళలోనూ మోటార్ల పని ఉంది. ఆ ఊళ్ళకూ వాగులున్నాయి. అక్కడ ఆమెను కన్నవాళ్ళు లేరు. ఆ అబద్ధం విన్నవాళ్ళు ఉన్నారు.

మొన్న అలాంటి ఒక వాగు దాకా ఆమెతో వెళ్ళాను. అవతల ఎవరూ లేరు. ఆమె సంచి ఇసుకలో పెట్టి కూర్చుంది. నేను నిలబడే ఉన్నాను. వెనక రోడ్డు మీద మోటార్‌సైకిల్ చప్పుడైతే ఇద్దరం ఒకేసారి తిరిగి చూశాం. అది ఆగకుండా పోయింది.

"నువ్వు పో మామా. నిన్ను చూస్తే రారేమో," అంది.

చెట్ల చాటుకు జరిగి నిలబడ్డాను. చాలాసేపటికి అవతలి ఒడ్డుకు ఒక ఆడమనిషి వచ్చింది. వెంటనే చెయ్యెత్తలేదు. పిల్లను చూసింది, రోడ్డు వైపు చూసింది, నేనున్న చెట్ల వైపు కూడా చూసింది. తర్వాత ఎత్తింది. పిల్ల చెప్పులు చేతిలో పట్టుకుని నీళ్ళలో దిగింది.