చెంబు విన్న పద్యం

యుద్ధం రోజులవి. భార్య పోయిన నెలకు, ఆమె ఇత్తడి చెంబుతో మాచర్ల వెళుతూ నరసరావుపేట స్టేషన్లో కూర్చున్నాను. పక్కనున్న నాటకాలాయన జ్వరపడి లేచాడట. గొంతు మోగకపోతే సాయంత్రం రాజు వేషం బావమరిదికి పోతుంది.

"అన్నా, ఆ ఖాళీ చెంబు పట్టుకొని ప్లాట్‌ఫారం చివర నిలబడు. మావోళ్లు నిజం చెప్పరు," అన్నాడు. గొంతులో కంచూ, బరువూ సమంగా ఉంటేనే చెంబు అదురుతుందట.

పద్యం గట్టిగా ఎత్తాడు. చెంబు అదరలేదు.

"ఏందయ్యా ఆ అరుపు? మోగించు!" అంది అతని పక్కనే ఉన్న భార్య.

ఈసారి తగ్గించి, రాగం నిలిపాడు. నా అరచేతుల్లో చెంబు జుమ్మంది. చెయ్యెత్తాను.

"రాజును నేనే!" అంటూ పరుగెత్తుకొచ్చాడు. "అరిస్తే వినలేదు చూడు! ఎవరిది అన్నా, ఈ చెంబు?"

నెలలో మొదటిసారి నవ్వొచ్చింది.

"మా ఆవిడది. ఆమె కూడా అరిస్తే వినేది కాదు."