గడప మునిగిన ఇల్లు

ఆ రోజుల్లో మా ఇంట్లో నా మాటకు ఎంత విలువుండేదంటే, వాన పడుతోందని నేను చెబితే ఇంకొకరు వెళ్లి బయటికి చెయ్యి చాపి చూసి వచ్చేవారు. డిగ్రీ ముగించి చింతపల్లిలో మా కిరాణా కొట్లో కూర్చుంటున్న కాలం అది. (ఇవన్నీ ఎవరికీ గుర్తులేవంటారు. నాకున్నాయి.)

కొట్టు వెనకే ఇల్లు. ముందుగదిలో టైల్స్ మరకలు పట్టి ముసలివైపోయాయి. నాయనమ్మ నర్సీపట్నంలో మా అత్త ఇంటికి వెళ్లినప్పుడు చూసి, ఆమె తిరిగొచ్చేలోగా నేల మార్చేసి ఆశ్చర్యపరచాలని చిన్నాన్న తలపెట్టాడు. పాతవి పగలగొడితే కొట్లో పప్పులన్నీ దుమ్ముపాలవుతాయి కాబట్టి వాటి మీదే కొత్తవి అతికించేద్దామన్నాడు. మేస్త్రి పాత టైల్స్‌ని కర్రతో తట్టి చూసి, డొల్లగా పలికినవాటిని తీసి సిమెంటు నింపాడు. మిగతావాటిని గరుకు చేసి గమ్ము కలిపాడు. అంతా పద్ధతిగానే ఉంది. నేనే ఒక్క మాట అడిగాను, నేల లేస్తే గడప మునిగిపోదా అని. మా గడప అసలే అరిగి అరిగి నేలకు వేలి మందం ఎత్తున మిగిలింది మరి. మేస్త్రి చిన్నాన్న వైపు చూశాడు. చిన్నాన్న నా వైపు చూడకుండానే, "ఒరే, నువ్వెల్లి కొట్లో కూకో. ఇక్కడ పెద్దోలు పని సేత్తన్నారు" అన్నాడు. వెళ్లి కూర్చున్నాను. ఆ మాటలో ఒక్క అక్షరం కూడా ఇప్పటికీ మరచిపోలేదు.

నేల ఆరిన మర్నాడు, పొద్దు వాలుతుండగా నాయనమ్మ జీపు దిగింది. ఇంటి ముందుకొచ్చి అలవాటు కొద్దీ కాలెత్తింది. దాటడానికి ఏమీ లేదు. కొత్త నేల అద్దంలా మెరుస్తూ వసారా దాకా వచ్చేసింది. ఆమె శుక్రవారం శుక్రవారం పసుపు రాసే చెక్క, టైల్స్ అంచున ఒక గీతలా మిగిలింది. ఎత్తిన కాలు వెనక్కి దించేసింది.

"గడప లేని కొంపేట్రా ఇది? సంతలో పాకా? నానడుగెట్టను" అని వసారాలో బియ్యం బస్తా మీద కూర్చుంది.

చింతపల్లి చలి సంగతి తెలిసినవారికి వేరే చెప్పక్కర్లేదు. రగ్గు ఇచ్చాం, టీ ఇచ్చాం, కుంపటి పెట్టాం. ఆమె దగ్గు మొదలుపెట్టేసరికి చిన్నాన్న గొంతు సన్నబడిపోయింది. ఇంతమందిలో ఒక్కడికైనా తోచలేదా అని ఆమె అడిగింది. నేను గొంతు సవరించుకున్నాను. ఈలోగా చిన్నాన్న, "తోసిందమ్మా, తోసింది" అనేశాడు. (ఎవరికి తోచిందో మాత్రం చెప్పలేదు.)

చివరికి మాకు మిరియాలు తెచ్చే రైతు ఒకాయన, తన కాఫీ తోటలో నీడకు పెంచి కోయించిన సిల్వర్ ఓక్ చెక్క ఒకటి భుజాన వేసుకొచ్చాడు. వడ్రంగి దాన్ని పాత గడప మీద బిగించి, తలుపు కిందివైపు ఆ మేరకు కోసేశాడు. నాయనమ్మ అక్కడే పసుపు రాసి, బొట్లు పెట్టి, కుడికాలు ఎత్తి దాటింది. ఇప్పుడు ఇల్లులాగుందంది. అందరూ చిన్నాన్నను మెచ్చుకున్నారు.

నాకు దక్కింది వేరే ఉంది. అప్పటిదాకా నా తలకూ గుమ్మం పై చెక్కకూ మధ్య కాస్త సందు ఉండేది. నేల లేచి, గడప ఇంకా లేచి, దాటిన ప్రతిసారీ నా నుదురు ఠంగుమనడం మొదలైంది. దానికీ చిన్నాన్న దగ్గర మాటుంది. "వంగి రారా. ఇంటికి దండమెట్టినట్టుంటాది."

ఇప్పుడా ఇల్లు నాదే. గుమ్మం ఎత్తు చేయించమని మా ఆవిడ పోరుతూనే ఉంది. చేయించను. నాకు జరిగిన అన్యాయానికి మిగిలిన సాక్ష్యం అదొక్కటే. మొన్న చిన్నాన్న ఫోన్ చేశాడు. నర్సీపట్నంలో తన ఇంట్లో పాత టైల్స్ మీద కొత్తవి వేయిస్తున్నాడట. కాసేపు నసిగి, "ఒరే, గడప మునక్కుండా ఏటి సెయ్యాల్రా? నువ్వో మాటు బేగి వచ్చి సూడు" అన్నాడు.

ఇన్నేళ్లుగా సిద్ధం చేసుకున్న జవాబులు నా దగ్గర చాలానే ఉన్నాయి. వాటిని అలాగే దాచేశాను. వస్తున్నానని చెప్పి, చొక్కా గుండీలు పెట్టుకుంటూనే పరుగున బయల్దేరాను. ఆ సంబరంలో వంగడం మరిచాను. నుదురు రుద్దుకుంటూ, నవ్వుకుంటూ జీపెక్కాను.